మామూలు గ్రూపు మనిషి

ఫోను మోగి మోగి ఆగిపోతే నాకు ముందుగా వచ్చే ఆలోచన మంచిది కాదు. మా ఇంట్లో వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. "స్నానానికి వెళ్ళుంటార్లే, పొలంలో ఉండుంటార్లే" అని మా ఆయన సర్దిచెబుతూనే ఉంటాడు. ఆయన చెప్పేదే చాలాసార్లు నిజమవుతుంది కూడా. కానీ నేను ఫోన్లు చేసేది గుండెకు స్టెంటు వేయించుకుని ఇళ్ళకు వెళ్ళినవాళ్ళకు. వాళ్ళలో ఒకరు ఫోను ఎత్తకపోతే స్నానమూ పొలమూ నాకు ఆఖరున గుర్తొస్తాయి.

నరసరావుపేటలో ఒక గుండె ఆసుపత్రిలో నర్సుగా చేరి వార్డులో చాలా కాలం పనిచేశాను. తర్వాత మా పెద్ద డాక్టరమ్మ ఒక వైద్య పరిశోధనలో పాలుపంచుకుంటూ నన్ను ఆ పనికి మార్చారు. మేమంతా ఆవిడను మేడమ్ అనే పిలుస్తాం. పరిశోధన అనగానే ఏవో సీసాలు, ఎలుకలు ఊహించుకున్నాను గానీ అలాంటివేమీ లేవు. స్టెంటు వేసి పంపినవాళ్ళలో కొందరు మళ్ళీ అదే నొప్పితో వస్తారు. వచ్చేలోపే దారిలో పోయేవాళ్ళూ ఉంటారు. నొప్పి తగ్గింది కదా అని మాత్రలు మానేయడం దానికి ఒక పెద్ద కారణం. అలా కాకుండా ఒక నర్సు తరచూ ఫోను చేసి పలకరిస్తూ, మాత్రల గురించి అడుగుతూ, ఇంట్లో ఒకరికి అన్నీ నేర్పిపెడితే రెండోసారి గుండెపోటు రావడం తగ్గుతుందా? మేము తేల్చవలసింది అదే.

తేలాలంటే పోల్చి చూడాలి. అందుకని సంతకం పెట్టినవాళ్ళను రెండు గ్రూపులు చేస్తారు. ఒక గ్రూపుకు నేను తరచూ ఫోను చేస్తాను. రెండోదాన్ని మాలో మేము మామూలు గ్రూపు అనుకుంటాం. వాళ్ళకు మందులు అవే, డాక్టరు ఆవిడే, చూపించుకోవడానికి రావలసిన తేదీలు కూడా అందరిలాగే. నా ఫోన్లు మాత్రం ఉండవు. ఆరో నెలలో ఒకసారి, ఏడాది నిండాక ఒకసారి ఫోను చేసి ఎలా ఉన్నారో అడిగి రాసుకోవడమే. గుర్తు చేయకూడదు, బతిమాలకూడదు. అలా చేస్తే ఇక రెండు గ్రూపులకూ తేడా ఏముంటుంది? ఎవరు ఎందులో పడాలన్నది మేడమ్ చేతిలో గానీ నా చేతిలో గానీ లేదు. పేరు ఎక్కించి మీట నొక్కితే కంప్యూటరే చెబుతుంది.

ఈ పద్ధతి న్యాయమైనదేనని నాకు తెలుసు. అయినా ఆ మామూలు గ్రూపు పేర్లు నన్ను పట్టుకుని ఉండేవి. డ్యూటీకి వచ్చేటప్పుడు సెంటర్లో కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీల దగ్గర స్కూటీ నెమ్మది చేసేదాన్ని. పూలదండ మధ్యలో ఉన్న మొహం నాకు తెలిసినది కాదని చూసుకున్నాకే ముందుకు కదిలేదాన్ని.

ఆ గ్రూపులో పడిన ఒకాయన సంగతి ఇది.

ఆయనది రాజుపాలెం అవతల ఒక పల్లె. మిరప, పత్తి వేసే రైతు. ఊరి రాజకీయమంతా రెండు తరాలుగా ఆ ఇంటి వసారాలోనే నడిచిందని ఆయన బావమరిది నాకు గర్వంగా చెప్పాడు. ఒక తెల్లవారుజామున ఛాతీలో నొప్పని ఆ బావమరిదే కారులో తీసుకొచ్చాడు. వెనక సీట్లో ఆయన భార్య తలమీద కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. మణికట్టు దగ్గర చిన్న రంధ్రం చేసి, రక్తనాళంలోంచి తీగను గుండె దాకా పంపి స్టెంటు వేశారు. ఒంటిమీద కోత లేదు, కుట్టు లేదు. ఆయన కోలుకోగానే మొదట సంతోషించింది దానికే.

వార్డులో మంచం దగ్గరికి పిలిచి మెల్లగా అన్నారు.

"అమ్మాయ్, ఈ సంగతి మా ఊరి పొలిమేర దాటి లోపలికి రాగూడదు. హైదరాబాదులో కోర్టు పనుందని చెప్పి వచ్చా."

"మేము ఎవరికీ చెప్పం బాబాయ్ గారూ. మా పని నియమం కూడా అదే. కానీ ఎందుకు దాచడం?"

"ఎందుకేంది? రేపు పంచాయతీ ఎలక్షన్లొస్తే అవతలోళ్ళకు ఇంకేం గావాలి? 'ఆడికి గుండె జబ్బంట, ఇయ్యాలో రేపో అన్నట్టున్నాడంట' అని ఇల్లిల్లూ తిరుగుతారు. వాళ్ళ సంగతట్టా ఉంచు, ముందు మావోళ్ళే జారుకుంటారు."

పరిశోధన గురించి చెప్పినప్పుడు కాగితం మొత్తం చదివించుకున్నారు.

"లాటరీ ఏంది? మందులు గూడా లాటరీయేనా?"

"కాదండీ. మందులు అందరికీ ఒకటే. నేను ఫోన్లు చేస్తానా లేదా అన్నదే తేడా."

"అట్టయితే ఫోన్లు రాని దాంట్లోనే పడాలమ్మాయ్ నేను. నలుగురిలో ఉన్నప్పుడు ఆసుపత్రి ఫోనొస్తే ఏం జెప్పేది?" అని నవ్వుతూ సంతకం పెట్టారు.

అందులోనే పడ్డారు.

ఇంటికి పంపేటప్పుడు అందరికీ చెప్పినట్టే ఆయనకూ భార్యకూ చెప్పాను. రక్తాన్ని పలుచన చేసే మాత్రలు రెండున్నాయి, ఏడాది దాకా మేడమ్ చెప్పందే వాటిని ఆపకూడదు, ఆపితే స్టెంటులో రక్తం గడ్డకట్టవచ్చు, గడ్డకడితే మొదటిసారి కంటే పెద్ద గుండెపోటు వస్తుంది. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. ఆయన కిటికీలోంచి కారు వచ్చిందేమోనని చూస్తున్నారు.

తర్వాత ఒకసారి చూపించుకోవడానికి వచ్చారు. రెండోసారి రావలసిన తేదీకి రాలేదు. మామూలు గ్రూపు కనుక అడిగే వీలు లేదు. నేను రికార్డులో ఆ తేదీ పక్కన ఖాళీ గడి చూసి ఊరుకున్నాను, కానీ మర్చిపోలేదు.

ఆరో నెల ఫోను చేసే రోజు రానే వచ్చింది. మోగింది, ఎత్తలేదు. మధ్యాహ్నం చేశాను, సాయంత్రం చేశాను. మర్నాడు మోగీ మోగకముందే కట్టయింది. ఆ మర్నాడు స్విచ్చాఫ్. మనిషి బతికుండి కట్ చేస్తున్నాడా, ఆ ఫోను ఇప్పుడు ఇంకెవరి చేతిలోనో ఉందా? ఇంట్లో కూర తరుగుతూ కూడా ఇదే ఆలోచన. మా ఆయన చూసి చూసి, "నువ్వు వార్డులో ఉన్నప్పుడే నయం. ఎదురుగా ఉన్నవాళ్ళ గురించే దిగులుపడేదానివి" అన్నాడు.

రెండో నంబరుగా బావమరిదిది ఇచ్చారు. అతను ఎత్తాడు గానీ గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బానే ఉన్నాడమ్మా. మనుషుల్లో ఉంటాడు, ఊరికే ఫోన్లు జెయ్యమాకండి."

"ఒక్క ప్రశ్న అండీ. మాత్రలు వేసుకుంటున్నారా?"

అతను వెంటనే జవాబు చెప్పలేదు. పక్కన ఎవరో పిలుస్తున్నట్టున్నారు.

"అయ్యి నాకు తెలీదు" అని పెట్టేశాడు.

తెలీదు అనడానికి అంతసేపు ఎందుకు పట్టింది? వెళ్ళి మేడమ్‌తో చెప్పాను. ఫోనులో దొరకనివాళ్ళను ఇంటికి వెళ్ళి కలవవచ్చని మా నియమాల్లోనే ఉంది. "వెళ్ళిరా. యూనిఫాం వద్దు, మన సంచీ వద్దు. ఆయన గుట్టు బయటపడకూడదు. ఆ ప్రశ్నలు అడిగి వచ్చెయ్" అన్నారావిడ.

సత్తెనపల్లి వెళ్ళి, అక్కడ పిడుగురాళ్ళ బస్సెక్కి రాజుపాలెంలో దిగి షేరాటో పట్టుకున్నాను. మిరపకోతల కాలం. రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. గాలి వీస్తే చాలు, ఆటోలో అందరం దగ్గుతున్నాం. ఈ ఘాటులో రోజంతా తిరిగే గుండె జబ్బు మనిషిని తలుచుకుంటే నా దగ్గు నాకే వింతగా వినిపించింది.

పక్కన కూర్చున్న పెద్దామె మొహానికి కొంగు అడ్డం పెట్టుకునే ఆరా తీసింది.

"ఎవరింటికమ్మా?"

ఇంటిపేరు చెప్పాల్సి వచ్చింది.

"ఆళ్ళకేమవుతావు?"

"పిన్ని గారిని చూసిపోదామని" అన్నాను. అబద్ధం కాదు. అయినా నా చెవులు వేడెక్కాయి. ఆమె ఇంకేమీ అడగలేదు గానీ నన్ను దిగేదాకా చూస్తూనే ఉంది.

వసారాలో తెల్లచొక్కాల మగవాళ్ళు కొందరు కుర్చీల్లో కూర్చుని టీలు తాగుతున్నారు. వాళ్ళలో ఆయన లేరు. వసారా మీద దండ వేసిన కొత్త ఫోటో ఉందేమోనని ముందు అదే వెతికాను. లేదు. లోపలినుంచి తలమీద కొంగు కప్పుకునే ఆయన భార్య వచ్చింది. నన్ను చూడగానే ఆమె మొహంలో రక్తం ఇంకిపోయింది. క్షణంలోనే తేరుకుని గట్టిగా అంది.

"ఏమే, ఎన్నాళ్ళయిందే నిన్ను జూసి! రా రా, లోపలికి రా. మా చిన్నమ్మ వాళ్ళ వైపు పిల్ల" అని వసారాలో వాళ్ళకు వినపడేలా చెప్పి, నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. తలుపు దగ్గరగా వేసి నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఏమైందమ్మా? ఆయన పేటకొచ్చాడా? మీ ఆసుపత్రిలోనే ఉన్నాడా? పొద్దున బండేసుకుని పోయినోడు ఫోనెత్తటంలా. జెప్పు, ఏమైంది?"

నేను చెడ్డ కబురు తెచ్చానని ఆమె అనుకుంది! ఇన్ని రోజులూ నేను ఆమె ఇంట్లో ఏం జరిగిందోనని భయపడ్డాను. నన్ను గుమ్మంలో చూసి ఆమె అంతకంటే ఎక్కువ భయపడింది.

"అయ్యో, ఏం కాలేదు పిన్ని గారూ. ఆయన మా దగ్గరికి రాలేదు. ఆరు నెలలైంది కదా, ఎలా ఉన్నారో అడిగి పోదామని వచ్చానంతే."

ఆమె పొయ్యిగట్టుకు ఆనుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది. నీళ్ళు తాగి, మామూలు గొంతుతో అడగవలసిన ప్రశ్నలు అడిగాను. మళ్ళీ నొప్పి వచ్చిందా? లేదు. వేరే ఆసుపత్రికి వెళ్ళారా? లేదు. మాత్రలు వేసుకుంటున్నారా?

"అయ్యి మీరే ఆపమన్నారుగా?" అంది.

"ఎవరు ఆపమన్నారు?"

"డాక్టరమ్మ. ఫోన్ జేసి, కోర్సు అయిపోయింది, ఇంక అక్కర్లా అని జెప్పిందంట. నెల పైనే అయింది. నేను మొక్కు గూడా తీర్చుకున్నా."

గ్లాసు గట్టుమీద పెట్టేశాను. మేడమ్ ఫోను చేయలేదు. చేసే అవకాశమే లేదు. ఆ గ్రూపుకు ఆరో నెల దాకా మా దగ్గర్నుంచి ఫోన్లే వెళ్ళవు. ఏడాది కూడా నిండని స్టెంటు, నెల రోజులుగా కాపలా లేకుండా ఆ మనిషి గుండెలో ఉంది. ఆ మనిషేమో పొద్దున్నుంచీ ఫోను ఎత్తడం లేదు.

దొడ్లోకి వెళ్ళి, గేదెల కొట్టం పక్కన నిలబడి మేడమ్‌కు ఫోను చేశాను. చెబుతుంటే నా గొంతు నాకే తెలియనంత వేగంగా పోతోంది.

"నిదానంగా చెప్పు" అన్నారావిడ. అంతా విన్నాక, "ఆయన వచ్చేదాకా అక్కడే ఉండు. వచ్చాక ఉన్నదున్నట్టు చెప్పి నాతో మాట్లాడించు" అన్నారు.

"మామూలు గ్రూపు మేడమ్. మనం సలహా చెబితే..."

"తెలుసు. జరిగింది జరిగినట్టు పై వాళ్ళకు రాసి పంపుతాను. ప్రమాదం కళ్ళ ముందు పెట్టుకుని చూస్తూ కూర్చోమని ఏ పరిశోధనా చెప్పదు."

ఆయన కోసం ఎదురుచూశాం. పిన్ని గారు మాటిమాటికీ ఫోను చేస్తూనే ఉంది. వీధిలో ఏ బండి చప్పుడైనా ఇద్దరం ఒకేసారి తలెత్తేవాళ్ళం. నిజం ఆమెకు నేను చెప్పలేదు. ముందు ఆయనతో మాట్లాడాలి. కానీ నా మొహంలో ఏదో చదువుకున్నట్టుంది, అన్నం పెట్టబోయి గరిటె పట్టుకుని మర్చిపోయింది. వసారాలోంచి ఎవరో, "బాబాయ్ యాడికి పొయ్యాడు పిన్నీ?" అని కేకేశారు. "కల్లంలో ఉన్నాడేమో, వస్తాడు కూర్చోండి" అని నవ్వుతూ చెప్పి, తలుపు చాటుకు వచ్చి కళ్ళు తుడుచుకుంది.

ఎండ బాగా ముదిరాక బండి వచ్చి ఆగింది. ఆయన దగ్గుతూ దిగారు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. నేను కిటికీలోంచి ఆయన మొహాన్ని కాదు, చేతిని చూస్తున్నాను. చెయ్యి ఛాతీ మీదికి పోతుందేమోనని. ఆ చెయ్యి వసారాలో వాళ్ళందరికీ దణ్ణం పెట్టి, ఒకడి భుజం తట్టి, మెడమీద తువ్వాలు తీసి మొహం తుడుచుకుంది.

లోపలికి వచ్చి నన్ను చూసి ఆగిపోయారు. పడగ్గదిలోకి నడిచి, మేమిద్దరం వచ్చాక తలుపేశారు.

"ఇంటిమీదికే వచ్చేశావేందమ్మాయ్? ఫోనెత్తలేదంటే అర్థం గాలా?"

"మాత్రలు ఎందుకు ఆపారు బాబాయ్ గారూ?"

ఆయన భార్య వైపు చూశారు. ఆమె ఆయన వైపు చూసింది.

"డాక్టరమ్మ ఫోన్ జేసిందన్నావుగా?" అంది.

ఆయన చొక్కా చేతులు పైకి మడిచారు. మోచేతుల కిందా పైనా అక్కడక్కడా గోధుమరంగుకు తిరిగిన పాత మచ్చలు. కొన్ని పసుపు రంగుకు తిరిగి మాసిపోతున్నాయి.

"ఇయి జూడు. ఇప్పుడియి గుర్తులే, నెల కిందట నల్లగా, నీలంగా ఉన్నయ్. తలుపు గొళ్ళెం తగిలినా కమిలిపోయేది. గడ్డం గీసుకుంటే నెత్తురాగేది కాదు. మీటింగులో చెయ్యెత్తి మాట్లాడుతుంటే చొక్కా జారింది. ఒకడు, 'ఏంది మావా, ఎవరన్నా కొట్టారా?' అన్నాడు. ఇంకొకడు పట్టి పట్టి జూసి, 'మా అయ్యక్కూడా ఇట్టాగే వచ్చాయి, స్టెంటేసిన మాత్రలకు' అన్నాడు. అందరి ముందే! ఆ రోజు నుంచి ఆపేశా. మళ్ళీ కొత్త మచ్చలు రాలా. నెలైంది, ఏమన్నా అయిందా? రాయిలా ఉన్నా."

పిన్ని గారు మంచం అంచున కూర్చుండిపోయింది. ఏడవలేదు. గొంతు పెంచలేదు. బయట మనుషులున్నారు.

"మొక్కు తీర్చుకున్నా నేను" అంది మెల్లగా. "నీకు నయమైపోయిందని తలనీలాలిచ్చి వచ్చా. నాకు గూడా అబద్ధం జెప్పావు."

ఆయన తలుపు వైపు చూశారు గానీ ఆమె వైపు చూడలేకపోయారు.

నేను చెప్పాను. భయపెట్టడం ఇష్టం లేదు, కానీ భయం లేకుండా చెప్పడానికి ఆ విషయంలో ఏమీ లేదు. "స్టెంటు రక్తానికి పరాయి వస్తువు బాబాయ్ గారూ. చుట్టూ మన ఒంటి పొర పూర్తిగా పెరిగేదాకా దానిమీద రక్తం గడ్డకట్టాలనే చూస్తుంది. గడ్డకట్టనీయకుండా ఆపేవి ఆ మాత్రలే. ఎప్పుడు మూసుకుంటుందో ముందు చెప్పదు. మీరు కల్లంలో ఉండొచ్చు, బండిమీద ఉండొచ్చు. ఇక్కణ్ణుంచి పేట రావడానికి పట్టే సమయం ఉండకపోవచ్చు."

మేడమ్‌ను ఫోనులో కలిపి ఆయనకిచ్చాను. ఆయన "ఊ", "ఊ" అంటూ విన్నారు. ఇప్పుడే బయల్దేరి రమ్మంటున్నారావిడ. "ఇయ్యాల కుదరదమ్మా, సాయంత్రం పెద్దమనుషులొస్తున్నారు, రేపు పొద్దున్నే వస్తా" అన్నారు. ఎంత చెప్పినా అదే మాట. చివరికి మేడమ్ ఆ పూటకు వేసుకోవలసిన మాత్రలు చెప్పారు. పిన్ని గారు బీరువాలో చీరల కింద నుంచి మాత్రల సంచీ తీసింది. ఆమె పారేయలేదు. ఎందుకుంచిందో ఆమెకే తెలియాలి. మా ఇద్దరి ముందు ఆయన మాత్రలు మింగి, "చాలా?" అన్నట్టు చూశారు.

బస్సులో తిరిగివస్తుంటే గెలిచానని గానీ ఓడానని గానీ అనిపించలేదు. రేపు పొద్దున అనేది చాలా దూరంగా కనిపించింది.

మర్నాడు అందరికంటే ముందే ఆసుపత్రికి వచ్చి కూర్చున్నాను. ఓపీ నిండింది. గేటు వైపు చూసినప్పుడల్లా ఇంకెవరో వస్తున్నారు. మేడమ్ ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య తలుపు తీసి, "వచ్చారా?" అని కళ్ళతోనే అడుగుతున్నారు. ఓపీ ఖాళీ అయ్యేవేళకు కూడా రాలేదు. పిన్ని గారి నంబరు నిన్ననే తీసుకున్నాను. చెయ్యనా వద్దా? చేస్తే ఏం వినాల్సి వస్తుందో అన్న భయమే నా చేతిని పట్టుకుంది. ఫోను తీసి, నొక్కబోయి, మళ్ళీ బల్లమీద పెట్టాను.

భోజనాల వేళ గేటు బయట ఆటో ఆగింది. ముందు పిన్ని గారు దిగింది. తర్వాత తలకు తువ్వాలు చుట్టుకుని ఆయన. సొంత కారులో వస్తే పేటలో గుర్తుపడతారని పిడుగురాళ్ళ మీదుగా చుట్టుతిరిగి, బస్సులో, ఆటోలో వచ్చారట. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "పొద్దున్నే అన్నారు కదండీ" అని మాత్రం అన్నాను.

"మీ బాబాయ్ రానన్నాడు" అంది పిన్ని గారు. "నువ్వు రాకపోతే వసారాలోకి పొయ్యి నేనే అందరికీ జెబుతా అన్నా. అప్పుడు లేచాడు."

ఈసీజీ తీశారు. గుండె స్కానింగ్ చేశారు. మేడమ్ తెరమీద చూస్తున్నంతసేపూ పిన్ని గారు నా మోచెయ్యి వదల్లేదు. కొత్తగా దెబ్బతిన్న గుర్తులు లేవు. మేడమ్ ఆ మాట చెప్పాక కూడా ఆమె పట్టు సడలలేదు, ఇంకోసారి చెప్పించుకుంది.

మేడమ్ ఆయన చేతులు తిప్పి చూశారు. రెండు మాత్రల్లో ఒకటి మార్చి, దానికంటే కాస్త తక్కువ జోరుగా పనిచేసేది రాశారు. "దీంతో మచ్చలు తగ్గుతాయి, పూర్తిగా పోకపోవచ్చు. మచ్చలు ప్రమాదం కాదు. విరేచనం నల్లగా అయినా, నెత్తురు ఆగకపోయినా మాత్రం వెంటనే రావాలి. ఈ మాట అప్పుడే అడిగి ఉంటే ఆ రోజే మార్చేదాన్ని కదా" అన్నారు.

"ఎవర్నడగాలమ్మా?" అన్నారాయన. కోపం లేదు, ఎత్తిపొడుపు కూడా లేదు. "నేను ఫోన్లు రాని దాంట్లో పడ్డాగా."

మేడమ్ రాస్తున్న కలం ఆగింది. ఎవరైనా ఎప్పుడైనా ఆసుపత్రికి ఫోను చేయవచ్చని, నంబరు కాగితంమీదే ఉందని ఆవిడ అనవచ్చు. అది నిజం కూడా. అనలేదు.

వాళ్ళు వెళ్ళాక నేనే అడిగాను.

"మిగతావాళ్ళ సంగతేంటి మేడమ్? ఇలా మచ్చలు చూసి భయపడి మానేసినవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో."

"నువ్వు ఫోను చేసే గ్రూపులో మాత్రం మానేసినవాళ్ళు లేరా? వేసుకుంటున్నామని నీతో చెప్పేవాళ్ళందరూ వేసుకుంటున్నారా?" అన్నారావిడ. "మన ఫోన్లు మనుషుల్ని కాపాడుతున్నాయని నీకూ నాకూ అనిపిస్తుంది. అనిపించడం వేరు, తెలియడం వేరు. తెలిస్తేనే కదా రేపు ఇలాంటి ఫోన్లు ప్రతి ఆసుపత్రిలోనూ పెట్టమని అడగగలిగేది."

తర్కం ఒప్పుకున్నాను. దిగులు మాత్రం ఒప్పుకోలేదు. అది ఆవిడకూ ఉన్నట్టుంది. జరిగిందంతా పరిశోధన బాగోగులు చూసే కమిటీకి రాసి పంపుతూ ఇంకో మాట కూడా రాశారు. ఏ గ్రూపైనా సరే, ఇంటికి పంపేటప్పుడే ఈ మచ్చల గురించి చెప్పి, మాత్ర ఆపేముందు ఫోను చేయాలని పెద్ద అక్షరాలతో ఒక కార్డు ఇద్దామని. వాళ్ళు ఒప్పుకునేదాకా చాలా రోజులు పట్టింది. ఒప్పుకున్నారు. ఇప్పటికే ఇళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళకు పోస్టులో పంపాం. కార్డు అందాక కొందరు ఫోను చేశారు. వాళ్ళలో చేతులమీద మచ్చలున్నవాళ్ళు ఉన్నారు, మాత్రలు అప్పటికే ఆపేసినవాళ్ళూ ఉన్నారు. అందినా చేయనివాళ్ళ గురించి నాకు తెలియదు.

ఆయన ఆ తర్వాత చెప్పిన తేదీలకు వచ్చారు. ప్రతిసారీ నిండు చేతుల చొక్కా. వెంట పిన్ని గారు.

ఏడాది నిండాక చేయవలసిన ఫోను చేసే రోజున కూడా నాకు ముందుగా వచ్చిన ఆలోచన మంచిది కాదు. ఈసారి పిన్ని గారి నంబరుకు చేశాను, వెంటనే ఎత్తారు. ఆమె గొంతే. వెనక ఆడవాళ్ళ మాటలు, ఎక్కడో మైకు.

"వీధిలో ఉన్నానమ్మాయ్. మా ఊరి సర్పంచి సీటు ఈసారి ఆడోళ్ళకంట. లిస్టు ఇంకా రాలేదు గానీ అందరూ అదే అంటన్నారు. మీ బాబాయ్ నన్ను నిలబెడతానంటన్నాడు."

"మరి బాబాయ్ గారు?"

"ఇంట్లో ఉన్నాడు. ఎండలో తిరగొద్దని నేనే జెప్పా. ఆయనేడి అని అందరూ అడుగుతుంటే, గుండెకు స్టెంటేశారు, ఎండ పడదు, నేనే తిరుగుతా అని జెప్పేశా. ఎంతకాలం దాచమంటావు? చెప్పి రెండ్రోజులైంది, నాతో మాట్లాడటం మానేశాడు. ఇయ్యాల పొద్దున ఒకాయన వచ్చి, తనకూ ఛాతీలో పట్టేసినట్టుంటంది, యాడ చూపించుకున్నావు అని మీ బాబాయ్‌ని అడిగాడు. అవతల పార్టీ మనిషి. ఇద్దరూ గదిలో కూర్చుని సానాసేపు మాట్లాడుకున్నారు."

ప్రశ్నలు అడిగాను. మళ్ళీ నొప్పి రాలేదు. మాత్రలు వేసుకుంటున్నారు, ఆమె ఎదురుగానే. రాసుకుని, ఏడాది నిండింది కనుక ఇక రెండో మాత్ర ఆపమని మేడమ్ చెబుతారని, ఆయన విషయంలో నా పని ఇంతటితో అయిపోయిందని చెప్పాను.

"అంటే ఇంక ఫోన్ జెయ్యవా?"

"ఈ స్టడీలో ఇదే ఆఖరు ఫోను పిన్ని గారూ."

మైకు చప్పుడు దూరమైంది. ఆమె పక్కకు వచ్చి నిలబడినట్టుంది.

"మరి ఇప్పుడు ఆ రెండో మాత్ర ఆపమని డాక్టరమ్మ చెబుతుందంటన్నావుగా. ఆపింది నిజంగా ఆమేనా, ఈయనేనా అని నేనెవరిని అడగాలి?"

"నన్నే అడగండి" అన్నాను. ఏ గ్రూపు నియమమూ ఇప్పుడు అడ్డం లేదు. "ఈ నంబరుకే చెయ్యండి."

"చేస్తా. ఎత్తు మరి" అంది ఆమె. "నువ్వెత్తకపోతే నాకు ఏదో ఒకటి అనిపిస్తది."